ఓరుగల్లు చరిత్రలో మన అడవి ఎక్కడుంది? నడిచి చూసినం

అన్నలు, అక్కలు, తమ్ముళ్ళు, చెల్లెండ్లు, ఈ పోస్టు కొంచెం పొడుగే ఉంటది. ఒక్కసారి చదవలేకపోతే రెండు దఫాలుగ చదువుండ్రి.

మేము ఐదుగురం హనుమకొండలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నం. ముగ్గురం ములుగు, ఏటూరునాగారం దిక్కు కోయ పిల్లలం. ఒక దోస్తుది బయ్యారం దిక్కు తండా. ఇంకొకరు నాయకపోడు తమ్ముడు. మా ఐదిండ్లల్ల మాకంటే ముందు కాలేజీ మెట్లు ఎక్కినోళ్ళు లేరు. అందుకే ఈ ఊరు మాకు కొత్తదీ, పాతదీ. ఇక్కడ ఉండి చదువుకోవడం మాతోనే మొదలైంది కాబట్టి కొత్తది. మా అమ్మమ్మలు చెప్పిన కథల్లో ఈ ఊరి రాజు ఉన్నడు కాబట్టి పాతది.

ఈ నడక ఒక గైడు పుస్తకం వల్ల మొదలైంది. గ్రూప్స్‌కు చదివే ఆ పుస్తకం మా రూంలో చేతులు మారుతుంటది. దాంట్ల కాకతీయులు 'చరిత్ర' పాఠంలో ఉన్నరు. సమ్మక్క, సారలమ్మ 'పండుగలు, జాతరలు' పాఠంలో ఉన్నరు. మా నాయకపోడు తమ్ముడు అడిగిండు: "అన్నా, కొట్లాడింది ఇద్దరు గదా! ఒకళ్ళు చరిత్ర ఎట్లయిండ్రు, ఇంకొకళ్ళు జాతర ఎట్లయిండ్రు?"

ఆ రెండు పాఠాలు ఈ ఊర్లో ఎక్కడన్న కలుస్తయేమో చూద్దామని ఒక ఆదివారం పొద్దున ఆరింటికి బయల్దేరినం. ఆటో ఎక్కొద్దు, నడిచే చూడాలె అనుకున్నం. ప్రతి జాగలో మూడు మాటలు అడగాలె అనుకున్నం. దీన్ని ఎవరు కట్టించిండ్రు? దీనికి సొమ్ము ఎక్కడి నుంచి వచ్చింది? దీంట్ల మనోళ్ళ జాడ ఉన్నదా?

హనుమకొండ బస్టాండు

చరిత్ర చూడ్డానికి బస్టాండు ఎందుకు అనకండ్రి. మనోళ్ళకు ఈ ఊరు ఇక్కణ్ణుంచే మొదలైతది. మా ఊళ్ళల్ల "ఫలానాయన వరంగల్ పోయిండు" అంటే కోట చూడ పోయిండని ఎవరూ అనుకోరు. "అయ్యో, ఏమైంది?" అని అడుగుతరు. వరంగల్ అంటే ఎంజీఎం దవాఖాన. మాలో ముగ్గురికి ఈ ఊరు మొదటి జ్ఞాపకం అదే. ఒకరిది అమ్మకు జ్వరం ముదిరినప్పటి రాత్రి బస్సు, ఒకరిది తాతను మంచం మీద నుంచి జీపులోకి ఎక్కించిన తెల్లవారుజాము.

కానీ రెండేండ్లకోసారి, మాఘ మాసంలో, ఇదే ఊర్లో బస్సుల దిక్కు మారిపోతది. జాతరకు వేల బస్సులు మేడారం పోతయి. ఊరంతా బెల్లం గంపలతోని మన అడవి దారి పడ్తది. 1996లో ప్రభుత్వం దాన్ని రాష్ట్ర పండుగ చేసింది. మిగతా దినాల్లో మనం ఈ ఊరికి వస్తం, ఆ నాలుగు దినాలు ఈ ఊరు మన దగ్గరికి వస్తది. ఈ రాకపోకలు ఇయ్యాల నిన్నటివి కావు. ముందుకు పోయినకొద్దీ అదే తేలింది.

వేయిస్తంభాల గుడి

బస్టాండు నుంచి వేయిస్తంభాల గుడి దగ్గరే. పొద్దున పూట జనం తక్కువ ఉన్నరు. గుడిని 1163లో కాకతీయ రుద్రదేవుడు కట్టించిండు. శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికి మూడు గర్భగుళ్ళు, అందుకే దీన్ని త్రికూటాలయం అంటరు. నల్లరాతి నంది ఇప్పటికీ అద్దం లెక్క మెరుస్తది. ఎన్నో ఏండ్లు విప్పిపెట్టిన కల్యాణ మండపాన్ని మళ్ళ పేర్చి 2024లో తెరిచిండ్రు.

మేము ఎక్కువ సేపు నిలబడ్డది మాత్రం రాతి స్తంభం మీది శాసనం కాడ. అది సంస్కృతంలో ఉంటది, మనం చదవలేం. కానీ దాంట్ల ఏమున్నదో పుస్తకాల్లో దొరుకుతది. కాకతీయులు అంతకుముందు కల్యాణి చాళుక్యుల కింద సామంతులు. వాళ్ళకు కప్పం కట్టినోళ్ళు. ఈ శాసనంతోని రుద్రదేవుడు 'ఇగ మేము ఎవరి కిందా లేము' అని లోకానికి చెప్పుకున్నడు. అట్ల చెప్పడానికి తాను ఎవరెవరి మీద గెలిచిండో వరుసగ రాయించిండు.

ఆ గెలుపుల్లో పొలవాస సీమ ఉన్నది. పొలవాస అంటే ఇప్పటి జగిత్యాల దిక్కు పొలాస. ఆ సీమను ఏలిన పాలకుల్లో మేడరాజు అనే పేరున్నోళ్ళను చరిత్రకారులు గుర్తించిండ్రు.

కోయ ఇండ్లల్ల పుట్టినోళ్ళకు ఈ పేరు వింటే ఒళ్ళు జలదరిస్తది. సమ్మక్క కథలో పొలవాస మేడరాజు ఉంటడు. అడవిలో దొరికిన బిడ్డను సాదిన దొర ఆయన. కొన్ని తొవ్వల్లో చెప్పే కథలో ఆమెకు మేనమామ, ఇంకో తొవ్వలో తండ్రి. కాకతీయుల దెబ్బకు పొలవాస విడిచి మేడారం దిక్కు వచ్చిండని మన పెద్దలు చెప్తరు.

ఒక ముచ్చట జాగ్రత్తగ చెప్పుకోవాలె. శాసనంలో పొలవాస ఉన్నంత మాత్రాన సమ్మక్క కథ మొత్తం రుజువైనట్టు కాదు. శాసనం 1163 నాటిది. మన కథలో సమ్మక్కతోని కొట్లాడింది ప్రతాపరుద్రుడు. ఆ పేరు చెప్పగానే అందరికీ 1323లో ఓడిపోయిన చివరి రాజే యాదికొస్తడు. రెండిటికి నడుమ నూట అరవై ఏండ్లు. కానీ గుడి కట్టించిన ఈ రుద్రదేవుణ్ణి కూడా చరిత్ర పుస్తకాలు మొదటి ప్రతాపరుద్రుడు అంటయి. కథలో ఉన్నది ఆ ప్రతాపరుద్రుడా, ఈ ప్రతాపరుద్రుడా అన్న చర్చ అందుకే ఉన్నది. మాకు పెద్దగ అనిపించింది వేరే. అక్షరం రాని మన ముత్తాతలు పొలవాస, మేడరాజు అనే పేర్లను నోటితోనే మోసుకొచ్చిండ్రు. గెలిచినోళ్ళు రాయి మీద చెక్కించుకున్న ఊరి పేరు, ఓడినోళ్ళ మనుమలు, మునిమనుమలు నాలుక మీద దాచుకున్న ఊరి పేరు ఒక్కటే.

"పుక్కిటి పురాణాలు" అని ఎవరన్న మన కథలను తీసిపారేస్తే, ఈ శాసనం కాడికి తోల్కపోయి నిలబెట్టుండ్రి.

పద్మాక్షి గుట్ట, భద్రకాళి చెరువు

అక్కణ్ణుంచి పద్మాక్షి గుట్ట. బతుకమ్మ పండుగకు సద్దుల నాడు హనుమకొండ ఆడబిడ్డలంతా ఇక్కడికే వస్తరు. గుట్ట మీద రాతిలో జైన తీర్థంకరుల బొమ్మలు ఉన్నయి. మొదట్లో కాకతీయులు జైనాన్ని ఆదరించిండ్రు, తర్వాత శైవం వైపు మళ్ళిండ్రు. దేవుళ్ళు మారినా జనం అదే గుట్ట ఎక్కుడు మానలేదు.

దిగి భద్రకాళి చెరువు కట్ట మీద నడిచినం. పొద్దెక్కుతుంటే నీళ్ళ మీది గాలి సల్లగ తాకింది. తెచ్చుకున్న అటుకులు, పల్లీలు ఇక్కడ తిన్నం.

చెరువు కట్ట మీద కూసోని చెరువుల ముచ్చట రాకుండ ఉంటదా? కాకతీయుల గొప్పతనం అంటే చెరువులే అని బడిలో చదువుకున్నం. నిజమే. పాకాల, రామప్ప, లక్నవరం, ఘనపురం చెరువులు ఇప్పటికీ పొలాలకు నీళ్ళిస్తున్నయి. ఏడువందల ఏండ్లు దాటినా కట్ట తెగని పని అది. 2015లో ప్రభుత్వం చెరువులు బాగుచేసే పథకం పెట్టి దానికి 'మిషన్ కాకతీయ' అనే పేరు పెట్టింది.

కానీ ఆ చెరువులు ఎక్కడున్నయో ఒక్కసారి పటం తీసి చూడుండ్రి. పాకాల నర్సంపేట అడవిలో, రామప్ప, లక్నవరం ములుగు దిక్కు. రామప్ప గుడిని 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిండు, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. ఆ చెరువుల చుట్టూ ఇయ్యాల కూడా మన గూడేలు, తండాలు ఉన్నయి. చెరువు కట్టుడు అంటే అడవిలోకి వ్యవసాయం నడుచుకుంట వచ్చుడు. చెరువు వచ్చిన కాడ పొలం, పొలం వచ్చిన కాడ గుడి, గుడి వచ్చిన కాడ పన్ను వసూలు చేసేటోడు. రాజ్యం అడవిలోకి అడుగుపెట్టిన తొవ్వ ఇదే. చెరువు నీళ్ళు మంచివే, మనమూ తాగినం, మన పొలాలూ పారినయి. ఆ నీళ్ళ వెనుక వచ్చిన లెక్కల కచ్చీరు గురించి కూడా చరిత్రలో ఒక లైను ఉండాలె గదా.

ఇక్కడ మా బయ్యారం దోస్తు ఛాతీ ఇరిసి ఒక మాట చెప్పిండు. కాకతీయుల వంశం ఎక్కణ్ణుంచి మొదలైంది, ముత్తాతల పేర్లేంది అని తెలుసుకోవడానికి చరిత్రకారులకు చాలా పనికొచ్చిన శాసనం ఈ కోటలో లేదు, వాళ్ళ బయ్యారం చెరువు కాడ ఉన్నది. గణపతిదేవుని చెల్లె మైలమ్మ ఆ చెరువు తవ్వించి, ధర్మకీర్తి సముద్రం అని పేరు పెట్టి, శాసనం వేయించింది. దాంట్ల తన పుట్టింటి వంశం వెన్నుడు అనే పెద్దాయన నుంచి వరుసగ చెప్పింది. రాజుల ఇంటి పుట్టుపూర్వోత్తరాలు మన గూడేలు, తండాల నడుమ చెరువు కట్ట మీద దొరికినయి!

ఎంజీఎం, మార్కెట్, మిల్లు

చెరువు దాటి ఎంజీఎం మీదుగ వరంగల్ చౌరస్తా దిక్కు నడిచినం. ఎంజీఎం గేటు కాడ ఎవరూ ఏం మాట్లాడలే. ఎవరి జ్ఞాపకం వాళ్ళకు ఉన్నది. చెట్ల కింద పండ్లు పెట్టుకొని కూసున్న బంధువుల్లో ఒక ముసలమ్మ కోయ మాటలో ఎవరితోనో ఫోన్ మాట్లాడుతున్నది. మేము పోయి ఏ ఊరని అడిగినం. తాడ్వాయి దిక్కు. కోడలికి కాన్పు, మనుమరాలు పుట్టిందట. ఊర్లో మన భాష వినపడితే ఎంత ధైర్యం వస్తదో ఆమె మొఖంలో చూసినం. కాకతీయుల కాలంలో కూడా అడవి నుంచి పని మీద వచ్చినోళ్ళు ఈ ఊర్లో ఇట్లనే తమ మాట వినపడితే తలతిప్పి చూసి ఉంటరు.

ఎనుమాముల మార్కెట్ దిక్కు పోయే బండ్ల మీద మిర్చి బస్తాలు. ఎండాకాలం వస్తే ఆ దారంతా ఘాటుకు తుమ్ములే. మా తండా దోస్తు వాళ్ళ బాపు మిర్చి అమ్మనీకి వచ్చి రెండు రాత్రులు బస్తాల మీదనే పండుకున్నడు. చిన్నప్పుడు వాడూ పక్కన పండుకున్నడు. వాడికి ఓరుగల్లు అంటే మిర్చి వాసన, పొద్దుగాల పాట మొదలైనప్పుడు బాపు మొఖంలో భయం. "ఈ ఊరి రేటు మా ఇంట్ల పెండ్లిని ముందుకో వెనక్కో జరుపుతది" అన్నడు.

ఆజం జాహి మిల్లు ఉన్న జాగ కూడా చూసినం. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1934లో పెట్టించిన బట్టల మిల్లు అది, కొడుకు ఆజం జా పేరు పెట్టిండు. ఎన్నో ఇండ్లు దాని సైరన్ మీద బతికినయి. తర్వాత మూతపడ్డది, ఇప్పుడు ఆ భూమిలో కాలనీలు లేచినయి. 1889 నాటికే నిజాం రైలు ఈ ఊరి మీదుగ బెజవాడ దాక పోయింది. కాజీపేట నుంచి బల్లార్షా లైను పడ్డంక ఢిల్లీ, మద్రాసు రైళ్ళకు ఇదే దారి అయింది. ఓరుగల్లు పాత రాజధాని మాత్రమే కాదు, సరుకు కలిసే కూడలి. దూది, మిర్చి, కలప, బొగ్గు అన్నీ అడవి దిక్కు నుంచి, పల్లె దిక్కు నుంచి వచ్చినయే.

కోట

రైలు పట్టాలు దాటి కోట దారి పట్టేసరికి ఎండ నడినెత్తిన ఉన్నది. మొదట మట్టి గోడ వస్తది, దాని చుట్టూ కందకం. లోపల రాతి గోడ. సున్నం లేకుండ ఒక రాయి మీద ఒక రాయి పేర్చిన గోడ అది. గణపతిదేవుడు కట్టించిండు, బిడ్డ రుద్రమదేవి ఇంకా ఎత్తు లేపింది. నలభై ఐదు బురుజులు. మట్టి గోడ మీద ఇయ్యాల మేకలు మేస్తున్నయి, లోపల ఊరు ఉన్నది, బడి ఉన్నది, పొలాలు ఉన్నయి.

నడుమ స్వయంభూ శివాలయం కూలిపోయిన జాగ, నాలుగు దిక్కుల నాలుగు కీర్తి తోరణాలు. 2014లో రాష్ట్రం వచ్చినంక తెలంగాణ రాజముద్రలో చార్మినార్‌తోని పాటు ఈ తోరణమే పెట్టిండ్రు. మన కుల ధ్రువీకరణ పత్రం మీద, స్కాలర్‌షిప్ కాగితాల మీద చూసేది ఇదే తోరణం. దాని కింద నిలబడి మేమూ ఒక ఫోటో దిగినం.

తోరణం నీడలో కూసోని మా దగ్గరున్న పుస్తకాల్లోని సంగతులు, ఇండ్లల్ల విన్న సంగతులు పక్కపక్కన పెట్టి చూసినం. అప్పుడు మాకు ఒక్క మాట దొరికింది. ఆ మాట 'కప్పం'.

మన కథలో యుద్ధం ఎందుకొచ్చింది? మేడారం దిక్కు పగిడిద్ద రాజు ఏలుతున్నడు. కరువొచ్చింది. వానల్లేవు, పంటల్లేవు. ఓరుగల్లుకు కట్టాల్సిన కప్పం కట్టలేకపోయిండు. రాజు సైన్యాన్ని పంపిండు. పగిడిద్ద రాజు, సారలమ్మ, నాగులమ్మ, గోవిందరాజు కొట్లాడి పడిపోయిండ్రు. కొడుకు జంపన్న ఓటమి తట్టుకోలేక సంపెంగ వాగులో దూకిండు, అది జంపన్న వాగు అయింది. సమ్మక్క ఒంటి నిండా గాయాలతోని కొట్లాడి చిలకలగుట్ట దిక్కు నడిచిపోయింది, మళ్ళ కనపడలే. వెతికినోళ్ళకు కుంకుమ భరిణె దొరికింది.

ఇప్పుడు పుస్తకాలు చెప్పేది చూడుండ్రి. 1310లో ఢిల్లీ సుల్తాన్ అల్లావుద్దీన్ ఖిల్జీ సేనాని మాలిక్ కాఫూర్ ఈ కోటను ముట్టడించిండు. ప్రతాపరుద్రుడు ఏనుగులు, గుర్రాలు, బంగారం ఇచ్చి, ఏటా కప్పం కడతానని ఒప్పుకున్నడు. తర్వాత కప్పం ఆగింది. 1318లో బాకీ వసూలుకు ఢిల్లీ నుంచి ఖుస్రో ఖాన్ వచ్చిండు. మళ్ళ ఆగింది. తుగ్లక్ కాలంలో ఉలుగ్ ఖాన్ రెండుసార్లు దండెత్తి 1323లో కోటను పట్టుకున్నడు. ఊరి పేరు సుల్తాన్‌పూర్ అని మార్చిండ్రు. ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీకి తీస్కపోతుంటే దారిలో నర్మద కాడ ప్రాణం పోయింది.

చాళుక్యులకు కప్పం కట్టిన ఇల్లు కాకతీయులది. తర్వాత అదే ఇల్లు మేడారాన్ని కప్పం అడిగింది. ఆఖరికి ఢిల్లీకి కప్పం బాకీ పడి కూలింది. చరిత్ర పాఠంలో ప్రతాపరుద్రుడు ఢిల్లీకి లొంగకుండ నిలబడితే అది స్వాతంత్ర్యం కోసం పోరాటం. మరి అదే కప్పం కట్టలేమన్న పగిడిద్ద రాజుది, సమ్మక్కది ఏం పోరాటం? రెండిటికీ ఒకటే కొలత పెట్టాలె. మా తమ్ముడు అడిగిన మాటకు మాకు దొరికిన జవాబు ఇదే: రాయించుకునే సొమ్మున్నోళ్ళు చరిత్ర అయిండ్రు, పాడుకునే జనం ఉన్నోళ్ళు జాతర అయిండ్రు. కొట్లాట మాత్రం ఒక్కటే రకం.

దీన్ని కాకతీయుల మీద కోపంతోని రాస్తలేము. ఆ తోరణం చెక్కిన చేతులకు, ఆ చెరువు కట్ట పోసిన చేతులకు దండం. వాళ్ళ పేర్లు కూడా ఏ శాసనంలో లేవు. ఆ లెక్కన వాళ్ళూ మన వరుసలోనే ఉన్నరు.

కోట కూలినంక అడవే దిక్కయింది

తోరణాల పక్కనే ఖుష్ మహల్. తుగ్లక్ కాలం కట్టడం, గోడలు కిందికి వెడల్పుగ ఉంటయి. లోపల తవ్వకాల్లో దొరికిన శిల్పాలు పెట్టిండ్రు. దాని మీది కెక్కితే ఊరంతా కనపడ్తది. అటు దిక్కు చూస్తూ మాలో ఒకరు అడిగిండ్రు: కోట కూలినంక రాజు ఇంటోళ్ళు ఏమైండ్రు?

జవాబు మళ్ళ అడవి దిక్కే పోయింది. ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు ఓరుగల్లు విడిచి గోదావరి దాటి బస్తర్ పోయిండని, అక్కడ రాజ్యం పెట్టిండని బస్తర్ రాజుల ఇంటి మాట. దంతెవాడలో 1703 నాటి శాసనం కూడా ఆ వంశాన్ని ఓరుగల్లుతోని కలుపుతది. దంతేశ్వరి అమ్మవారు వాళ్ళ ఇలవేల్పు. బస్తర్ దసరా డెబ్బై ఐదు దినాలు నడుస్తది, రథం చేసేది, లాగేది ఆదివాసులే. అంటే ఢిల్లీ తరిమిన కాకతీయ ఇంటికి నీడ ఇచ్చింది కూడా గోండు, కోయ అడవే.

అక్కడ కూడా కథ ఒకే తీరుగ లేదు. 1910లో రుద్రప్రతాప్ దేవ్ రాజుగా ఉన్నప్పుడు, అడవులను రిజర్వు చేసుడు మీద గుండాధుర్ ముందు నడిచి బస్తర్ ఆదివాసులు తిరగబడ్డరు. దాన్నే భూంకాల్ అంటరు. అదే వంశంలో ప్రవీర్ చంద్ర భంజ్‌దేవ్ ఆదివాసుల పక్కన నిలబడ్డడు, 1966 మార్చి 25న జగ్దల్‌పూర్‌లో పోలీసు కాల్పుల్లో ఆదివాసులతోని కలిసి చనిపోయిండు. 2022 జూలైలో వరంగల్‌లో కాకతీయ ఉత్సవాలు జరిగితే బస్తర్ నుంచి ఆ వంశం వారసుడు కమల్ చంద్ర భంజ్‌దేవ్ వచ్చిండు. ఈ ఊరు తన రాజుల జాడ కోసం మన అడవి దాక పోయి వెతుక్కున్నది.

రాయి లేని చరిత్ర

సాయంత్రం తిరిగి నడుస్తుంటే కాళ్ళు పీకినయి. మేడారం యాదికొచ్చింది. ఆ జాతర మొత్తం నడకే గదా. సారలమ్మ కన్నెపల్లి నుంచి, సమ్మక్క చిలకలగుట్ట నుంచి పూజారుల చేతుల్లో నడిచొస్తరు. పగిడిద్ద రాజు పూనుగొండ్ల నుంచి, గోవిందరాజు కొండాయి నుంచి వస్తరు. పగిడిద్ద రాజును తెచ్చే పూజారులు అడవి దారి పట్టి నడుస్తరు. గద్దెల మీద విగ్రహాలు ఉండవు. వెదురు, కుంకుమ, అంతే. సమ్మక్క గుట్ట దిగేటప్పుడు జిల్లా ఎస్పీ గాలిలోకి తుపాకీ పేల్చి స్వాగతం చెప్తడు. అప్పట్లో ఆమె మీదికి ఆయుధాలు పట్టుకొని వచ్చింది రాజ్యం. ఇప్పుడు ఆమె గుట్ట దిగుతుంటే ఆయుధం ఎత్తి వందనం చేసేది కూడా రాజ్యమే. ఏ శాసనమూ లేకుండ, ఏ రాజు సొమ్మూ లేకుండ మన పెద్దలు ఇంత దూరం తెచ్చిండ్రు.

ములుగులో పెట్టిన కేంద్ర గిరిజన విశ్వవిద్యాలయానికి కూడా సమ్మక్క, సారక్క పేరే పెట్టిండ్రు. 2014 విభజన చట్టంలో మాట ఇస్తే, 2023 డిసెంబర్‌లో పార్లమెంటులో బిల్లు పాసయింది. 1976లో కాకతీయ పేరుతోని ఇక్కడ యూనివర్సిటీ వచ్చింది. ఇప్పుడు ఆ రాజుతోని కొట్లాడిన ఇంటి పేరుతోని ఇంకోటి. రెండిట్లోనూ మన పిల్లలే చదవాలె.

కానీ ఒక భయం ఉన్నది. అది చెప్పడానికే ఇంత పొడుగు రాసినం. కోయ డోలి కళాకారులు పడిగె పట్టి, డోలి కొట్టి సమ్మక్క, పగిడిద్ద రాజు కథలు పాడ్తరు. మనకు అవే శాసనాలు. మణుగూరు దిక్కు సకిని రామచంద్రయ్య గారు అట్ల పాడినోళ్ళు. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో చనిపోయిండ్రు. రుద్రదేవుని రాయి ఎనిమిది వందల అరవై ఏండ్లు ఎండకు, వానకు నిలబడ్డది. మన శాసనం ఒక మనిషి ఊపిరి ఉన్నంత కాలమే ఉంటది. ఆ మనిషి దగ్గర ఇంకొకరు నేర్చుకోకపోతే అక్కడికే తెగిపోతది. తండాల్లో వంశాల పేర్లు పాడే భాట్లు, ఢాడీలు, నాయకపోడు ఇండ్లల్ల లక్ష్మీదేవర కథ చెప్పే పెద్దలు కూడా గంతే.

అందుకే ఈ గ్రూపులో ఉన్నోళ్ళందరికీ ఒక మనవి. మీరు ఏ ఊరి హాస్టల్లో ఉంటే ఆ ఊరు నడవండ్రి. ఉట్నూరు, ఆదిలాబాద్, భద్రాచలం, ఖమ్మం, పాడేరు, రంపచోడవరం, హైదరాబాద్, ఏదైనా సరే. కట్టింది ఎవరు, సొమ్ము ఎక్కడిది, మనోళ్ళ జాడ ఏది అని అడగండ్రి. సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఫోన్‌లో పాటలు మాత్రమే వినకుండ, ఒక్క గంట అమ్మమ్మ మాట రికార్డు చేయండ్రి. మన భాషలోనే చెప్పమనండ్రి. చెప్పినోళ్ళ పేరు, ఊరు, తారీఖు రాసి పెట్టండ్రి. ఒక్కో ఊర్లో కథ ఒక్కో తీరుగ ఉంటే ఒకటి తప్పు, ఒకటి ఒప్పు అని కొట్లాడకుండ రెండూ రాయండ్రి. శాసనాలు కూడా ఒకదానితోని ఒకటి కలవవు, చరిత్రకారులు అన్నిటినీ దాచిపెట్టుకుంటరు.

వచ్చే నెల రెండో ఆదివారం మేము బయ్యారం చెరువు కాడికి పోతున్నం, మైలమ్మ శాసనం చూడ్డానికి. కట్ట మీద నడిచి, పక్క తండాలో, గూడెంలో పెద్దలను ఆ చెరువు గురించి వాళ్ళు విన్నది అడుగుతం. మహబూబాబాద్, గార్ల, ఇల్లందు దిక్కు పిల్లలు ఎవరన్న వస్తే మాకు సంబురం. సద్ది ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలె. జై ఆదివాసీ, జై సేవాలాల్!